మా అమ్మ కూర్చున్న బల్ల

పోయిన జూన్‌లో మా అమ్మ నా దగ్గరికి, జర్మనీలోని మ్యూనిక్ వచ్చింది. వచ్చిన రెండో ఆదివారం హిర్ష్‌గార్టెన్ అనే బీర్ గార్డెన్‌కి వెళ్ళాం. చెట్ల కింద పొడుగాటి బల్ల, బల్ల మీద మా పులిహోర డబ్బా, పక్కన అమ్మ, అమ్మ భుజం వెనక ఎవరిదో లీటరు బీరు గ్లాసు సగం కనబడుతున్న ఫోటో ఒకటి ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పది నిమిషాలు కాలేదు, "పిన్నిని బార్‌కి తీసుకుపోయావా?" అని మా పెదనాన్న కొడుకు అడిగాడు. దాని కిందే ఇంకొకరు: "సారా అంగడి మూయించిన మనిషిని బార్లో కూర్చోబెట్టావు కదే!"

ఆ రెండో మాటలో అబద్ధం లేదు. మాది నెల్లూరు జిల్లా, కలిగిరి వైపు. 1992లో మా జిల్లా ఆడవాళ్ళు సారా మీద తిరగబడినప్పుడు మా ఊళ్ళో సారా ప్యాకెట్ల బస్తా లాగి నడివీధిలో పారబోసిన పదిమందిలో అమ్మ ఒకటి. అప్పటికి మా బాబాయి పోయి రెండేళ్ళు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, కడుపు ఉబ్బి, కళ్ళు పచ్చబడి పోయాడు. పిన్ని ఇద్దరు పిల్లలతో పుట్టింటికి వెళ్ళిపోయింది. నాకు ఎనిమిదేళ్ళు అప్పుడు, ఇవన్నీ బాగానే గుర్తున్నాయి. అందుకే నేను ఇప్పటివరకు మందు ముట్టలేదు, మ్యూనిక్‌లో పదకొండేళ్ళున్నా సరే. ముట్టాలనీ అనిపించలేదు.

కాబట్టి అన్న అడిగిన మాటని నవ్వుతూ కొట్టిపారేయలేకపోయాను. "అది బార్ కాదన్నా" అని టైపు చేసి చెరిపేశాను. మరి ఏమిటది? అక్కడ అమ్మేది బీరే. పేరులోనే బీరుంది. ఆ రాత్రి నుంచీ ఇదే తిరుగుతోంది బుర్రలో. నాకు తేలిందేమిటంటే, బీర్ గార్డెన్‌లో అసలు గొప్ప విషయానికీ బీరుకీ సంబంధం చాలా తక్కువ. ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం డబ్బా దర్జాగా విప్పుకుని, ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఒకే బల్ల దగ్గర కూర్చునే హక్కు అక్కడుంది, దాన్ని చట్టం కూడా కాపాడుతోంది. మనవాళ్ళు బార్ అనే ఒక్క మాటతో దాన్ని మూసేసుకుంటున్నారని నా బాధ.

గుడ్డ పరిచిన బల్ల, పరచని బల్ల

బార్ అనగానే మన కళ్ళ ముందు కదిలేది వైన్ షాపు పక్కన పర్మిట్ రూమ్. రేకుల కప్పు, ట్యూబు లైటు, ప్లాస్టిక్ గ్లాసులు, కాలి కింద పల్లీ పొట్టు, అందరూ మగవాళ్ళే. కాస్త ఖరీదైనదైతే ఏసీ, చీకటి, అద్దాలకి నల్లకాగితం. రెండిటికీ ఉన్న పోలిక ఏమిటంటే లోపలున్నవాడు బయటికి కనబడకూడదు. మా అన్న మనసులో ఉన్న బొమ్మ అదే, అతని తప్పేం లేదు.

హిర్ష్‌గార్టెన్ ఆదివారం మధ్యాహ్నం ఎలా ఉంటుందంటే: పెద్ద పెద్ద చెస్ట్‌నట్ చెట్లు, కింద గులకరాళ్ళు, వరసలు వరసలుగా బల్లలూ, వీపు ఆనించుకోవడానికి లేని బెంచీలూ. ఎనిమిది వేల మంది కూర్చోవచ్చు. పక్కనే కంచె వేసి జింకలు ఉంటాయి, పిల్లలు ఆ కంచె వదలరు. ఈ జింకల వనం 1780లో పెట్టించింది, అప్పట్లో రాజుల వేట కోసం. ఇప్పుడు మా అమ్మాయి వాటికి గడ్డి పరకలు అందిస్తూ ఉంటుంది. అరల్లో పేర్చిన లీటరు గ్లాసుల్లోంచి నచ్చింది మనమే తీసుకుని, అక్కడి నీళ్ళ తొట్టిలో మనమే కడుక్కుని, నింపించుకోవాలి. గ్లాసు మనం కడుక్కునే హోటలు నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక తిండి. జనం బుట్టలు తెచ్చుకుంటారు. బుట్టలోంచి బల్ల మీదకి గుడ్డ, చెక్కపలక, కత్తి, రొట్టె, వెన్న, జున్ను, ఉడికించిన గుడ్లు, ఉప్పు సీసా. తెల్ల ముల్లంగిని స్ప్రింగులా సాగేట్టు పల్చగా తరిగి ఉప్పు చల్లి కాసేపు వదిలేస్తారు, నీరు ఊరాక తింటారు. ఇలా తెచ్చుకునే చిరుతిండిని బ్రోట్‌సైట్ అంటారు, రొట్టె వేళ అని అర్థం. తెచ్చుకోని వాళ్ళకి అక్కడే కౌంటర్లున్నాయి. ముడి వేసినట్టుండే రొట్టె బ్రెట్సెల్, అరచెయ్యి కన్నా పెద్దది, కాల్చిన కోడి, పుల్లకి గుచ్చి నిప్పుల పక్కన ఏటవాలుగా నిలబెట్టి కాల్చిన కానాగంత చేప. నెల్లూరు మనిషి కదా, ఆ చేప దగ్గర అమ్మ చాలాసేపు ఆగింది. "చేప మంచిదే, ఉప్పూకారం తెలియదు వీళ్ళకి" అంది.

నియమం చాలా చిన్నది. తాగేది అక్కడే కొనాలి. అది బీరే అయ్యుండక్కర్లేదు, నిమ్మసోడా అయినా సరే. తినేది ఎక్కడిదైనా పర్వాలేదు. హోటలువాళ్ళు గుడ్డ పరిచి ఉంచిన బల్లలకి మాత్రం సర్వర్లు వస్తారు, అక్కడ సొంత డబ్బాలు విప్పకూడదు.

ఈ చివరి ముక్క నేను నేర్చుకున్న విధానం చెప్పాలి. వచ్చిన కొత్తలో నేనూ మా ఆయనా వేరే చోట ఒక బీర్ గార్డెన్‌కి వెళ్ళాం. ఎర్రగళ్ళ గుడ్డ పరిచి శుభ్రంగా ఉన్న బల్ల చూసుకుని కూర్చుని చపాతీలు, బంగాళదుంప కూర విప్పాం. సర్వర్ వచ్చి వేలితో డబ్బా చూపించి, తర్వాత దూరంగా ఉన్న బల్లలు చూపించి ఏదో అన్నాడు. నాకు అర్థమైంది ఒక్కటే, మా తిండీ దాని వాసనా ఇక్కడ పనికిరావని. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు. మూత పెట్టేసి ఇంటికొచ్చేశాం. ఏడాది పాటు బీర్ గార్డెన్ అంటే నాకు ఆ వేలే. ఆఫీసులో ఒక జర్మన్ సహోద్యోగికి చెబితే ఆవిడ మొహం మాడ్చుకుని "గుడ్డ ఉందా బల్ల మీద?" అని అడిగింది. అదొక్క ప్రశ్నతో ఏడాది కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ సర్వర్ ఇంకాస్త మర్యాదగా చెప్పి ఉండొచ్చని ఇప్పటికీ అనుకుంటాను. అయితే అతను చూపించిన బల్లలు మాకోసమే ఉన్నాయని అప్పుడు నాకు తెలియదు.

దయతో వచ్చింది కాదు

ఈ సొంత తిండి ఆనవాయితీ ఎవరి మంచితనం వల్లా పుట్టలేదు, అది నాకు ముఖ్యంగా అనిపిస్తుంది. మ్యూనిక్ ఉన్న బవేరియా ప్రాంతంలో 1553 నాటి ఆజ్ఞ ప్రకారం వేసవిలో బీరు కాయకూడదు, సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 వరకే కాయాలి. ఎండాకాలం బీరు పాడయ్యేది, కాచే మంటల వల్ల ఊళ్ళో అగ్నిప్రమాదాల భయం కూడా. వేసవికి కావలసింది ముందే కాచి దాచాలి. అందుకని బీరు కాచేవాళ్ళు ఈసార్ నది గట్టు వైపు లోతుగా నేలమాళిగలు తవ్వారు, చలికాలంలో గడ్డకట్టిన చెరువుల నుంచి మంచు తెచ్చి నింపారు. పైన నేల వేడెక్కకుండా గులకరాళ్ళు పోసి చెస్ట్‌నట్ చెట్లు నాటారు. వాటి ఆకు వెడల్పు, నీడ చిక్కన, వేళ్ళు మరీ లోతుకి దిగి మాళిగ కప్పుని పగలగొట్టవు. ఆ నీడలో బల్లలు వేసి అక్కడే అమ్మడం మొదలుపెట్టారు. జనమంతా అటే పోతుంటే ఊళ్ళో పూటకూళ్ళవాళ్ళు గోల పెట్టారు. 1812 జనవరి 4న రాజు మొదటి మాక్సిమిలియన్ జోసెఫ్ మధ్యేమార్గంగా ఒక ఉత్తర్వు ఇచ్చాడు: బీరు మాళిగల దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా బీరు అమ్ముకోవచ్చు, రొట్టె పెట్టవచ్చు, ఇంకేమీ వండి అమ్మకూడదు. మరి ఆకలేస్తే? జనం ఇంటి నుంచి మూట కట్టుకుని రావడం మొదలైంది.

అంటే ఇద్దరు వ్యాపారుల తగాదాలో మధ్యలో మిగిలిన సందు ఇది. తర్వాత వంటల మీద ఆ నిషేధం పోయింది, బీర్ గార్డెన్లలో వంటిళ్ళు వచ్చాయి, అయినా జనం తమ మూట వదల్లేదు. రెండు వందల ఏళ్ళు వదల్లేదు.

మ్యూనిక్‌కి దక్షిణాన వాల్డ్‌విర్ట్‌షాఫ్ట్ అనే బీర్ గార్డెన్ మీద ఇరుగుపొరుగు కోర్టుకి వెళ్ళారు. గోల పడలేకపోతున్నామని. 1995లో, రాత్రి 9:30కే మూసేయమని కోర్టు చెప్పింది. దానికి మే 12న ఇరవై వేలకు పైగా జనం మ్యూనిక్ వీధుల్లోకి వచ్చారు. వాళ్ళే దాన్ని బీర్ గార్డెన్ విప్లవం అని పిలుచుకుంటారు. ప్రభుత్వం హడావిడిగా తెచ్చిన నిబంధనల్ని పై కోర్టు కొట్టేసింది, చివరికి 1999 ఏప్రిల్‌లో కొత్తవి వచ్చాయి: పాటలు రాత్రి 10 వరకు, బీరు పోయడం 10:30 వరకు, 11కల్లా అంతా సర్దుకోవాలి. ఆ నిబంధనల వివరణలో బీర్ గార్డెన్ అంటే ఏమిటో కూడా రాశారు. తోటలా ఉండాలి, వచ్చినవాళ్ళు సొంత తిండి తెచ్చుకుని తినే వీలుండాలి. డబ్బా విప్పనివ్వని చోటు చట్టం దృష్టిలో బీర్ గార్డెనే కాదన్నమాట.

ఇక్కడ నేను ఇరుగుపొరుగు వాళ్ళ పక్షం కూడా ఒక నిమిషం ఆలోచిస్తాను. పసిపిల్ల ఉన్న ఇంట్లో రాత్రి పదింటిదాకా వేలమంది గోల వినబడుతుంటే నేనే కోర్టుకి వెళ్ళేదాన్నేమో. ఇరవై వేలమంది ఒక వైపుంటే అటే న్యాయమని కాదు.

ఈ 1995 అనే సంవత్సరం మాత్రం నన్ను వదలదు. ఆ జనవరి నుంచే మన రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం. మా నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆడవాళ్ళ పోరాటం ఎన్టీఆర్ సంతకం దాకా వెళ్ళింది. మా అమ్మ ఆ ఏడాది గెలిచినట్టు తిరిగింది. అదే ఏడాది మే నెలలో ఇక్కడ జనం బీరు తోటలు రాత్రిపూట తెరిచి ఉంచమని ఊరేగారు. రెండు ఊరేగింపులూ నావే అని ఎలా అనను, ఎలా అనకుండా ఉండను? మన మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. ఇప్పుడు మా ఊరికి బెల్ట్ షాపు ఇంకా దగ్గర.

అమ్మ ఏం చూసింది

మొదట అమ్మ కూర్చోలేదు. సంచి బల్ల మీద పెట్టి నిలబడే చుట్టూ చూసింది. "ఏందమ్మాయ్ ఇది, అంతా తాగతన్నారే" అంది. "అందరూ కాదులేమ్మా" అన్నాను. "మరి ఈ పసిబిడ్డలేంది ఈడ?" నా దగ్గర జవాబు సిద్ధంగా లేదు. ఈలోగా మా అమ్మాయి "అమ్మమ్మా, జింకలు" అని లాక్కుపోయింది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి మా బల్లకి అవతలి చివర ఒక ముసలి జంట వచ్చింది. ఇక్కడ కూర్చోబోయే ముందు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది, "ఇక్కడ ఖాళీయేనా?" అని. అవునంటే చాలు, మీరెవరు ఏమిటి అని ఎవరూ అడగరు. ఆ ముసలావిడ నీలం గళ్ళ గుడ్డ పరిచి, బుట్టలోంచి ఒక్కొక్కటీ తీసి పెట్టింది. ఆయన వెళ్ళి ఒక్క లీటరు బీరు తెచ్చాడు. ఇద్దరూ అదే గ్లాసులో చెరో గుక్కా తాగుతూ, పేపరు చదువుకుంటూ రెండు గంటలు కూర్చున్నారు. అమ్మ పులిహోర పెట్టుకుంటూనే వాళ్ళనే చూస్తోంది. "ఒక్క గళాసే" అంది కాసేపయ్యాక.

ఇదంతా చదివి అమ్మ మనసు మారిపోయిందని అనుకోకండి. మా ఎదుటి వరసలో ఒక గుంపుంది, ముప్ఫై ఏళ్ళవాళ్ళు. నాలుగింటికల్లా అందులో ఒకతను బల్ల మీద తల వాల్చేశాడు. పక్కనున్న అమ్మాయి, భార్యే అనుకుంటా, అతని జేబులోంచి కారు తాళాలు తీసి తన బ్యాగులో వేసుకుంది, పిల్లాడి బూట్లు వెతికి తొడిగింది, అన్నీ సర్దింది. ఆమె ముఖంలో కోపం కూడా లేదు, అలవాటైన పని చేస్తున్నట్టుంది. అమ్మ చూపు ఆ అమ్మాయి మీంచి కదల్లేదు. ఎస్-బాన్ రైలు ఎక్కి కూర్చున్నాక అంది, "ఎదట తాగినా చాటున తాగినా, ఇంటికి మోసుకుపోయేది ఆడదే గదా."

నేను ఏమీ అనలేదు. ఏమనాలి? జర్మనీలో పెద్దవాళ్ళు తలకి ఏడాదికి తాగేది స్వచ్ఛమైన ఆల్కహాల్ లెక్కన పది లీటర్ల చుట్టూ ఉంటుంది. పదహారేళ్ళకే బీరు కొనుక్కోవచ్చు. అమ్మానాన్నలు పక్కనుంటే పద్నాలుగేళ్ళకే తాగవచ్చని చట్టంలో ఉంది, దాన్ని తీసేయాలని అడుగుతున్నవాళ్ళూ ఉన్నారు, నేను వాళ్ళతోనే. నలుగురి ముందు, వెలుతురులో, పెళ్ళాంబిడ్డల మధ్య తాగితే తాగుడు హద్దులో ఉంటుందని చాలామంది చెబుతారు. నేనూ కొన్నేళ్ళు చెప్పాను. ఆ రోజు నుంచీ చెప్పడం మానేశాను.

అయితే మర్నాడు పొద్దున కాఫీ దగ్గర అమ్మ ఇంకో మాట అంది, అది నాకు ఇంకా ముఖ్యం. "సారా అంగడి కాడ మాకు కూర్చునేదానికి చోటు యాడుంది? మేం ఆడికి పొయ్యేది మొగోళ్ళని లాక్కొచ్చేదానికే. ఈడ ఆ ముసలామె ఆయనతోపాటే కూర్చోనుంది."

నేను వాదించాలనుకున్నది అమ్మ నాకన్నా బాగా చెప్పింది. ఆ తోటలో ఆడవాళ్ళకి చోటుంది. తాగని నాకు చోటుంది, తాగే మనిషికి తోడుగా వచ్చినదానిగా కాకుండా, నా డబ్బాతో నేను వచ్చినదానిగా. మన ఊళ్ళలో సాయంత్రం ఆరింటికి ఒక ఆడమనిషి ఒక్కతే వెళ్ళి, ఏమీ కొనకుండా లేదా ఒక్క సోడా కొనుక్కుని, రెండు గంటలు చెట్టు కింద కూర్చునే చోటు ఏముంది? గుడి అరుగు తప్ప నాకు గుర్తు రావడం లేదు.

ఆ నీడకి డబ్బు ఎవరు కడుతున్నారు

ఇక్కడ నన్ను నేను అడుక్కోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ చెట్లు, బల్లలు, ఊడ్చేవాళ్ళ జీతాలు, ఇవన్నీ నా నాలుగు యూరోల ఆప్ఫెల్ షోర్లేతో నడవవు. ఆపిల్ రసంలో సోడా కలిపిన ఆ గ్లాసు పట్టుకుని నేను సగం రోజు కూర్చుంటాను. నా నీడకి డబ్బు కట్టేది మూడో గ్లాసు, నాలుగో గ్లాసు తెప్పించుకునే ఆ ఎదుటి గుంపు. బీరు తీసేస్తే ఈ తోట ఉండదు. అప్పుడు నేను పొగుడుతున్నది దేన్ని?

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, సగం ఉంది. జర్మనీలో హోటళ్ళ చట్టంలో ఒక సెక్షన్ ఉంది, జనం దాన్ని ఆపిల్ రసం సెక్షన్ అని పిలుస్తారు. మద్యం అమ్మే ఏ చోటైనా, మద్యం లేని పానీయం కనీసం ఒకటి, అక్కడి అన్నిటికన్నా చవక మద్యం కంటే ఎక్కువ ధర లేకుండా అమ్మాలి. లీటరు లెక్కన పోల్చి చూస్తారు. అంటే డబ్బు లేక బీరు తాగాల్సిన అవసరం ఎవరికీ రాకూడదని. ఇలాంటి చిన్న నియమాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ పోతే తాగేవాళ్ళ చోటు మెల్లగా అందరి చోటు అవుతుంది. పూర్తిగా అవుతుందని అనను.

ధరల సంగతీ ఉంది. లీటరు బీరు చాలా తోటల్లో 10 యూరోల చుట్టూ తిరుగుతోంది, నలుగురు అక్కడే తిని తాగితే అరవై డెబ్బై అయిపోతాయి. అలాంటప్పుడు డబ్బా హక్కు ముచ్చట కోసం కాదు, చాలామంది ముసలివాళ్ళు పెన్షన్ డబ్బుతో ఆదివారం బయటికి రాగలుగుతున్నది దానివల్లే. ఆ జంట బుట్టలో ఉన్నది మహా అయితే ఐదారు యూరోల సరుకు.

వనభోజనం అనగానే

ఫోటో చూసి మా మేనత్త మాత్రం "కార్తీక వనభోజనాల్లాగుందే" అంది. నాకూ మొదటిసారి అదే గుర్తొచ్చింది. ఉసిరి చెట్టు కింద చాపలు, ఇళ్ళ నుంచి తెచ్చిన గిన్నెలు, ఒకరి పచ్చడి ఇంకొకరి విస్తట్లోకి. నా టీములో నల్లగొండ అతను ఇంకో పోలిక చెప్పాడు. "మా దిక్కు ఈతవనంల గిట్లనే ఉంటది అక్కా. కల్లు ఆడ తీసుకుంటం, తునకల కూర ఇంటికెల్లి పట్టుకపోతం. మా అమ్మ, మా నాయినమ్మ అందరు కూసుంటరు." నేను కోస్తా మనిషిని, కల్లంటే మగవాళ్ళ వ్యవహారమనే అనుకుంటూ పెరిగాను. ఒకే భాషలో తాగుడికి ఇంత వేరువేరు బొమ్మలున్నాయని అతను చెప్పేదాకా ఆలోచించలేదు. అతనికి బీర్ గార్డెన్ గురించి ఏ వివరణా ఇవ్వాల్సిన పని పడలేదు.

కానీ వనభోజనాలు అన్న మాట దగ్గర నాకో ముల్లుంది. ఇప్పుడు మన ఊళ్ళలో కార్తీకమాసం వస్తే ఫ్లెక్సీలు కడతారు కదా, ఫలానా కులం వారి వనభోజన మహోత్సవం అని. చెట్టు కింద కూడా మనవాళ్ళే ఉండాలి. ఇది సముద్రం దాటి కూడా వచ్చింది. నాలుగేళ్ళ కిందట ఇక్కడే తెలుగువాళ్ళ పిక్నిక్ ఒకదానికి వెళ్ళాం. వడలు బాగున్నాయి, పాటలు పాడారు, పిల్లలు ఆడుకున్నారు. నా పక్కన కూర్చున్నావిడ ఊరు అడిగింది, ఇంటిపేరు అడిగింది, అది సరిపోక పెళ్ళిలో మా వైపు ఏ పద్ధతి అని అడిగింది. ఆవిడ తెలుసుకోవాలనుకున్నది ఏమిటో మనందరికీ తెలుసు. తెలిశాక ఆవిడ మాట తీరులో ఒక చిన్న తేడా వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ నన్ను లేవమనలేదు. ఆ తర్వాత నేను వెళ్ళలేదు.

హిర్ష్‌గార్టెన్ బల్ల దగ్గర నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నిజమే, వాళ్ళకి ఆ లెక్క తెలియదు కాబట్టి అడగలేదు. వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయి. స్టామ్‌టిష్ అని రోజూ వచ్చేవాళ్ళకి మాత్రమే కేటాయించిన బల్లలుంటాయి, బోర్డు పెట్టి మరీ. అక్కడ పొరపాటున కూర్చుంటే లేపేస్తారు. పైగా రెండు గంటలు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒక్క మాట మాట్లాడని జర్మన్లని బోలెడంతమందిని చూశాను, దాన్ని స్నేహమని నేను చెప్పను. అయినా నాకు ఆ మౌనం చాలాసార్లు హాయిగా ఉంటుంది. ఖాళీయేనా, ఖాళీయే. నా డబ్బాలో ఉన్నది గోంగూరో ఎండుచేపో, నా ఇంటిపేరు ఏదో, అది అక్కడ ఎవరికీ అక్కర్లేదు.

అదే మన దగ్గర చూడండి, "బయటి ఆహార పదార్థాలు అనుమతించబడవు" అనే బోర్డు ఎంత మామూలైపోయింది. థియేటర్లో పిల్లలకి ఇంటి నుంచి జంతికలు తీసుకెళ్ళే రోజులు పోయాయి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా బయటి తిండి వద్దనే హక్కు థియేటర్ యజమానికి ఉందనే చెప్పింది, తాగే నీళ్ళు మాత్రం ఉచితంగా ఇవ్వాలంది. యజమాని ఆస్తి, యజమాని ఇష్టం అన్న తర్కం నాకు అర్థమవుతుంది. బీర్ గార్డెన్‌కీ యజమాని ఉన్నాడు, అతనికీ లాభం కావాలి, అయినా అక్కడ తర్కం ఇంకో వైపు తిరిగింది, ఎందుకంటే జనం ఆ హక్కు పోతుందంటే వీధిలోకి వచ్చే రకం. జంతికల కోసం వీధిలోకి వద్దామని నేనంటే మీరు నవ్వుతారేమో. నేను మాత్రం నిజంగానే అంటున్నాను. నెల్లూరులో పెన్న గట్టున వంద చెట్లు, యాభై పొడుగు బల్లలు, తాగడానికి సోడా, చెరుకు రసం, టీ. తిండి ఎవరిది వాళ్ళది. మద్యం లేకుండా అది నడుస్తుందా అంటే తెలియదు, మున్సిపాలిటీ డబ్బు పెట్టాలి, రోడ్డు పక్క ఫౌంటెన్లకి పెట్టినట్టే. బల్లలు మాత్రం పొడుగ్గా ఉండాలి, నలుగురు కూర్చునేవి కాకుండా పదిమంది పట్టేవి. బల్ల చిన్నదైతే ఎవరి కుటుంబం వాళ్ళదే అయిపోతుంది.

అన్నకి ఇంకా జవాబు పెట్టలేదు. ఇది పెడతాను, పూర్తిగా చదువుతాడో లేదో.

అమ్మ తిరుగు ప్రయాణానికి వారం ముందు, శనివారం, తనే అడిగింది. "ఆ జింకల కాడికి పోదామా?" బీర్ గార్డెన్ అన్న మాట తను ఒక్కసారి కూడా పలకలేదు. పొద్దున్నే లేచి నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం, వేయించిన వంకాయ ముక్కలు సర్దింది. తన పాత నేతచీర ఒకటి అడ్డంగా చించి, అంచులు చేత్తో కుట్టి మడిచి సంచిలో పెట్టింది. ఏమిటని అడిగితే "బల్ల మీద పరిచేదానికి, ఆ ముసలామె పరిచింది గదా" అంది.

మామిడి రంగు చీర గుడ్డ పరిచి డబ్బాలు వరసగా పెట్టాం. కాసేపటికి చంకలో పిల్లాడితో ఒకామె వచ్చి, రద్దీగా ఉన్న బల్లలన్నీ చూసి మా దగ్గర ఆగి, ఖాళీయేనా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ పెరుగన్నం డబ్బా ఇటు జరిపి, బెంచీ మీద చేత్తో తట్టి, "కూర్చోమ్మా" అంది.